తనోట్, లోంగేవాలా వెళ్తున్నారా? మన సముద్రపు ఇసుక లెక్కలు అక్కడ పనికిరావు

డిసెంబరు ఆఖరి వారంలో శ్రీకాకుళం నుంచి సొంత కారులో, అరవై దాటిన అమ్మానాన్నలతో రాజస్థాన్ ఎడారిలో పాకిస్తాన్ సరిహద్దు వైపున్న జైసల్మేర్, తనోట్, లోంగేవాలా చూసి రావాలనుకుంటున్నామని రాశారు. అనుమతులు కావాలా, దారి ఎలా ఉంటుంది, పెద్దవాళ్ళు తట్టుకుంటారా అని అడిగారు. మాది విజయనగరం. 2023 డిసెంబరులో నేను కూడా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని అదే దారిన వెళ్ళివచ్చాను.

సొంత కారు ఆలోచన మాత్రం మానుకోండి. ఒకవైపే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. ఎడారి చేరకముందే పెద్దవాళ్ళ నడుములు పడిపోతాయి. విశాఖ నుంచి విజయనగరం, రాయగడ మీదుగా భగత్ కీ కోఠీకి వారానికి ఒక రైలు ఉంది. అది జోధ్‌పూర్‌ను ఆనుకున్న స్టేషనే. మేము అక్కడ దిగి కారు అద్దెకు తీసుకున్నాం. జైసల్మేర్ దారిలో పోఖ్రాన్ వస్తుంది. 1974లోనూ 1998లోనూ అణు పరీక్షలు జరిగిన చోటు చూపించమని నాన్న పట్టుబట్టారు. అది సైన్యం కాల్పుల సాధన చేసే ప్రాంతం, మనల్ని రానివ్వరని చెబితే కాసేపు అలిగారు కూడా. ఊళ్ళో టీ తాగించి ముందుకు కదిలాం.

అనుమతుల సంగతి. తనోట్ మాత గుడికీ, లోంగేవాలా యుద్ధ స్మారకానికీ మన దేశస్థులకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, అందరి ఆధార్ కార్డులు దగ్గర ఉంటే చాలు. తనోట్ దాటి సరిహద్దు స్తంభం దాకా వెళ్ళాలంటే మాత్రం సరిహద్దు భద్రతా దళం పాసు కావాలి. పాసు చేతికి రాకుండా అటు వెళ్ళి జవానును బతిమాలడం బాగుండదు. మన రెండు జిల్లాల్లో సైన్యానికి పిల్లలను పంపిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మా మేనమామ కొడుకు అదే దళంలో పనిచేశాడు. "అన్నయ్యా, మీరు సెలవు మీద వస్తారు, మేము డ్యూటీలో ఉంటాం" అనేవాడు. చెక్‌పోస్టులను, సైనిక వాహనాలను ఫొటో తీయకండి. డ్రోను ఉంటే ఇంట్లోనే వదిలేయండి. 2025 మేలో ఉద్రిక్తతలు పెరిగినప్పుడు జైసల్మేర్‌లో రాత్రిళ్ళు దీపాలార్పించారు. కాబట్టి బయలుదేరే వారం ముందు పరిస్థితి కనుక్కోండి, డబ్బు తిరిగివచ్చే గదులే తీసుకోండి.

జైసల్మేర్ నుంచి రామ్‌గఢ్, తనోట్, లోంగేవాలా, మళ్ళీ రామ్‌గఢ్ మీదుగా వెనక్కి అంటే సుమారు 270 కిలోమీటర్లు. రోడ్డు మన ఊరి రోడ్ల కంటే నునుపు. ఉదయం నాలుగుకే బయలుదేరే మన అలవాటు మాత్రం అక్కడ వద్దు. మన కంటే బాగా పడమర కదా, డిసెంబరు ఆఖరులో అక్కడ ఏడు గంటలు దాటితే గానీ సూర్యుడు రాడు. చీకట్లో ఒంటెలు రోడ్డుకు అడ్డంగా నిలబడతాయి, హారను కొట్టినా కదలవు. ఏడున్నరకు బయలుదేరి చీకటి పడకముందే జైసల్మేర్ చేరేలా చూసుకోండి. పొద్దున చలి పది డిగ్రీల లోపే ఉంటుంది. స్వెట్టరు చాలనుకున్న మా అమ్మ చివరికి హోటలు దుప్పటి కప్పుకుని కారెక్కింది. పెట్రోలు జైసల్మేర్‌లోనే నిండా పోయించండి. రామ్‌గఢ్ దాటాక ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది, మ్యాపు ముందే దించుకోండి.

రామ్‌గఢ్ దగ్గర ఇందిరాగాంధీ కాలువ నీళ్ళు పారిన మేర పచ్చటి చేలు కనిపిస్తాయి. ఆ నీళ్ళు పంజాబులోని హరికే బ్యారేజీ నుంచి వస్తాయి. వంశధార కాలువ కింద వ్యవసాయం చేసిన మా నాన్న తనోట్‌లో బాంబులనూ, లోంగేవాలాలో ట్యాంకులనూ చూసిన దానికంటే ఈ కాలువనే ఎక్కువసేపు చూశారు. మీ నాన్నగారు కూడా రైతయితే ఇక్కడ అరగంట అదనంగా వేసుకోండి.

తనోట్ గుడిని సరిహద్దు భద్రతా దళమే చూసుకుంటుంది, పూజలు చేసేదీ జవాన్లే. 1965 యుద్ధంలో గుడి చుట్టూ పడి పేలని బాంబులను అద్దాల వెనుక పెట్టారు. మొక్కుకున్నవాళ్ళు రుమాళ్ళు కట్టి వెళ్తారు, కోరిక తీరాక వచ్చి విప్పుతారట. "మన పైడితల్లి అమ్మవారి అక్కచెల్లెలే అయి ఉంటుంది" అని అమ్మ అక్కడికక్కడే చుట్టరికం కలిపేసింది.

ఇక నా ఘనకార్యం. తనోట్ నుంచి లోంగేవాలా వెళ్తుంటే కుడివైపు ఒక అందమైన ఇసుక తిన్నె కనబడింది. కళింగపట్నం తీరంలో బండి నడిపినవాణ్ణి, నాకు ఇసుక కొత్తా అనుకుని కారును రోడ్డు దించాను. పది గజాలు పోయిందో లేదో ముందు చక్రాలు కూరుకుపోయాయి. సముద్రపు ఒడ్డున తడి ఉంటుంది కాబట్టి ఇసుక గట్టిగా అణిగి బరువు మోస్తుంది. ఎడారి ఇసుక పొడిపొడిగా పక్కకు జారిపోతుంది. నేను కంగారులో యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ చక్రాలు తమ గోతిని తామే తవ్వుకున్నాయి. ముప్పావుగంటకు ఒక లారీ వచ్చింది. డ్రైవరు ఒక్క మాటా అనకుండా ముందు టైర్లలో సగం గాలి తీసేశాడు, చక్రాల చుట్టూ ఇసుక చేత్తో తోడాడు, మా కారు మ్యాట్లే వాటి కింద పరిచాడు. మెల్లగా వెనక్కి రమ్మని సైగ చేస్తే కారు బయటపడింది. టైరు గాలి తగ్గితే నేలకు ఎక్కువ ఆనుతుంది, బరువు పరుచుకుంటుంది. మళ్ళీ గాలి కొట్టడానికి మా దగ్గర పంపు లేదు. రామ్‌గఢ్ దాకా అలాగే నత్తనడక. కారు సాకెట్టుకు తగిలించే చిన్న పంపు, ఒక పార, మనిషికి ఐదు లీటర్ల నీళ్ళు తప్పక పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, రోడ్డు దిగకండి.

ఆ తరువాత లోంగేవాలాలో సిగ్గుతోనే అన్నీ చూశాను. 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో పంజాబ్ రెజిమెంటు 23వ బెటాలియనుకు చెందిన సుమారు 120 మంది తెల్లవార్లూ పాకిస్తాన్ ట్యాంకుల దళాన్ని నిలువరించారు. చీకట్లో పోరాడే సామగ్రి లేని మన వాయుసేన హంటర్ విమానాలు వెలుగు రాగానే జైసల్మేర్ నుంచి వచ్చి దాడి చేశాయి. ఆ ట్యాంకులు కొన్ని మెత్తటి ఇసుకలో దిగబడి కదల్లేకపోయాయని గైడు చెబుతుంటే అమ్మ నావైపు చూసి నవ్వింది.

పెద్దవాళ్ళు తట్టుకుంటారు. ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్ళండి, దారిలో భోజనం దొరికే చోట్లు తక్కువ. మీ అమ్మగారి కోసం సంచిలో ఒక కొత్త రుమాలు కూడా పెట్టండి. మా అమ్మ తనోట్‌లో నా జేబులోదే లాక్కుని కట్టేసింది. ఆ మధ్యాహ్నం ఇసుకలో నిలబడి మొహం తుడుచుకోవడానికి నాకు చొక్కా అంచే దిక్కయింది.