ఒకే మౌనానికి రెండు పేర్లు

ప్రశ్న: నేను బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. పోయిన నెల ఉద్యోగాలకు వచ్చినవారిని ఇంటర్వ్యూ చేశాక, నేను రాసుకున్న కాగితాలు తిరగేస్తుంటే ఒక విషయం కనబడి మనసు కలత చెందింది. ఒకే ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఇద్దరు అబ్బాయిలు కాసేపు ఆగారు. నగరంలో చదివిన అబ్బాయి పేరు పక్కన ‘ఆలోచించి చెప్పాడు’ అని, మా సీమ యాసతో ఇంగ్లీషు మాట్లాడిన అబ్బాయి పేరు పక్కన ‘తడబడ్డాడు’ అని రాశాను. నేనూ ఆ యాసతోనే ఈ ఊరికి వచ్చినవాణ్ణి. ఎవరి మీదా చిన్నచూపు లేదనుకున్న నాలో ఇది ఎక్కడి నుంచి వచ్చింది? పరీక్షించుకునే మార్గం ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: మీ కాగితాన్ని మీరే తిరిగి చదువుకుని, కనబడినదాన్ని దాచకుండా రాశారు. ఇంటర్వ్యూలు చేసేవారిలో ఈ పని చేసేవారు చాలా తక్కువ.

తన వర్గం మీద తనకే చిన్నచూపు ఎలా ఉంటుందన్నది మీ బాధ. మనస్తత్వవేత్త పట్రీషియా డివైన్ 1989లో చూపించినది ఇక్కడ పనికివస్తుంది. ఒక వర్గం గురించి లోకంలో చలామణీలో ఉన్న మూస అభిప్రాయాలు, వాటిని నమ్మేవారికీ నమ్మనివారికీ ఒకేలా తెలిసి ఉంటాయి. ఆలోచించుకునే తీరిక లేని క్షణంలో అవి పిలవకుండానే ముందుకు వస్తాయి, వాటిని పక్కకు నెట్టి మన నమ్మకం ప్రకారం నడుచుకోవాలంటే మాత్రం ప్రయత్నం కావాలి. సీమ యాస వినబడితే కత్తి పట్టినవాడు, ఉత్తరాంధ్ర యాస వినబడితే నవ్వించే నౌకరు అన్నట్టుగా మన సినిమాలు ఎన్నో ఏళ్ళు చూపించాయి. వాటిని చూస్తూ పెరిగిన మీకు, సొంత ఊరి యాస అయినంత మాత్రాన, ఆ ముద్ర అంటకుండా పోదు.

పరీక్ష గురించి అడిగారు. సికింద్రాబాదులో పుట్టి పెరిగి, నిజాం కళాశాలలోనూ ఉస్మానియాలోనూ చదివి, హార్వర్డ్‌లో ఆచార్యురాలైన మహజరీన్ బానాజీ, మరో మనస్తత్వవేత్త ఆంథొనీ గ్రీన్వాల్డ్‌తో కలిసి, మనకు తెలియకుండానే జరిగే ఈ పక్షపాతానికి 1995లో సిద్ధాంత రూపం ఇచ్చారు. గ్రీన్వాల్డ్ బృందం 1998లో ప్రకటించిన పరీక్షలో ముఖాలు, పేర్లు, మంచి చెడు మాటలు కంప్యూటర్ తెర మీద ఒకదాని వెంట ఒకటి వస్తాయి, వాటిని రెండు మీటలతో వేరుచేయాలి. ఒక వర్గాన్నీ మంచి మాటలనూ ఒకే మీటకు కలిపినప్పుడు చేతివేగం ఎంత, చెడు మాటలతో కలిపినప్పుడు ఎంత అన్న తేడాను సెకనులో వెయ్యో వంతుల లెక్కన కొలుస్తారు. మనసులోని జోడింపులను చూపడానికి ఇది మంచి సాధనమే గాని, ఒకే మనిషికి ఈ రోజు వచ్చిన ఫలితం మరో రోజు రాకపోవచ్చు. 492 అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో, ఇలాంటి కొలతల్లో వచ్చిన మార్పు ప్రవర్తనను మారుస్తుందనడానికి ఆధారం దొరకలేదు. అందుచేత ఆ పరీక్ష ఇచ్చే అంకె కన్నా మీ చేతిలోని కాగితమే మీకు నమ్మదగిన సాక్ష్యమని నా అభిప్రాయం.

ముఖం చూడకుండానే ఇది ఎంత దూరం పోతుందో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వారు ఒకే స్థాయి అర్హతలున్న దరఖాస్తులను పేర్లు మాత్రం మార్చి పంపించారు. దళితులవని, ముస్లింలవని తెలిసే పేర్లకు, అగ్రవర్ణ హిందువుల పేర్లతో పోలిస్తే, పిలుపులు తక్కువగా వచ్చాయి.

ఇక మీరు చేయవలసినది. అందరినీ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగండి. ఒక్కొక్క జవాబుకు అప్పటికప్పుడే, తర్వాతి ప్రశ్నకు పోకముందే, మార్కు వేయండి. ‘తడబడ్డాడు’, ‘చురుకైనవాడు’ వంటి మాటలు మానేసి, వారు చెప్పిన జవాబునే రెండు వాక్యాల్లో రాయండి. ఆగితే ‘ఆగాడు’ అని మాత్రమే రాయండి. తోటి ఇంటర్వ్యూదారులతో మాట్లాడే ముందే ఎవరి మార్కులు వారు వేయాలి. వీటన్నిటికంటే ముందు, ఆ అబ్బాయి సంగతి. ఫలితం ఖరారు కాకపోతే అతని జవాబులను మరొకరి చేత చూపించండి. ఖరారైపోయినా, మీ అంచనాలో పొరపాటు జరిగిందని సిబ్బంది విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయండి. మీకు కొంత ఇబ్బందే, కాని అతనికి అది ఉద్యోగం.

ప్రశ్న: మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు మొదటి నుంచీ వేరే స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తాం. ఆ గ్లాసు బాల్కనీలో తులసి కుండీ పక్కన ఉంటుంది. ఆరో తరగతి చదివే మా అమ్మాయి ‘ఆంటీ గ్లాసు లోపల ఎందుకు పెట్టవు?’ అని అడిగింది. ఇది కూడా తెలియకుండా జరిగే పక్షపాతమేనా?
– ఒక పాఠకురాలు, కృష్ణరాజపురం

జవాబు: కాదమ్మా. గ్లాసు వేరుగా ఉండాలన్నది మీ ఇంట్లో తెలిసి పెట్టుకున్న నియమం, రోజూ తెలిసి పాటిస్తున్న నియమం. దాన్ని తెలియనితనం కింద జమకట్టడం ఆమెకు న్యాయం కాదు.

పిల్లలు ఇలాంటివి ఎంత లోతుగా గ్రహిస్తారో కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో చేసిన ప్రయోగం చూపింది. ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. కులం చెప్పనప్పుడు ‘కింది’ కులాల పిల్లలు మిగతావారితో సమానంగానే చేశారు. అందరి ముందు పేరుతో పాటు కులం కూడా చదివినప్పుడు వారు చేసిన పజిళ్ళ సంఖ్య పడిపోయింది. మీ అమ్మాయిదీ ఆ వయసే.

మీ అమ్మాయి అడిగినదానికి శుభ్రత అనో అలవాటు అనో చెప్పకండి, ఇన్నాళ్ళూ తప్పు చేశామని చెప్పండి. ఆ గ్లాసును ఈ పూటే లోపలికి తెచ్చి మిగతావాటితో కలిపి స్టాండులో పెట్టండి. రేపు పొద్దున గిన్నెలు తోమే ఆమె వచ్చినప్పుడు ఏ గ్లాసు చేతికి అందితే దానిలోనే కాఫీ పోసి, మీతో పాటు కూర్చుని తాగమనండి.