సొంత డిస్కులోని గేమును కంప్యూటర్‌లో ఆడితే తప్పా?

నింటెండో కంపెనీ గేమ్ కన్సోల్ (తెరకు తగిలించి ఆటలాడే యంత్రం) అయిన స్విచ్‌కు మాత్రమే వచ్చిన గేమును, కన్సోల్‌లా పనిచేసే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము పెట్టుకుని కంప్యూటర్‌లో ఆడితే దొంగతనమవుతుందా అని అడిగారు. ఎమ్యులేటర్ వేరు, అందులో నడిపే గేము ఫైలు వేరు. తప్పొప్పులు ఆ ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్నిబట్టే ఉంటాయి.

మాది కావలి. 2008లో మామయ్య చెన్నై నుంచి ప్లేస్టేషన్ 2 కన్సోల్ తెచ్చారు. నేనూ తమ్ముడూ డబ్బులు కూడబెట్టి కొన్న అసలు డిస్కులు నాలుగే. మిగిలినవన్నీ నెల్లూరులో యాభై రూపాయలకు దొరికిన నకిలీవి. ఆ వయసులో మాకు తట్టలేదు గానీ, అది తప్పే. కొన్నేళ్లకు కన్సోల్ లెన్సు పోయింది. డిస్కు గిర్రున తిరిగే చప్పుడు వినిపించేది, తెర మాత్రం నల్లగానే ఉండేది.

2019లో ఆ నాలుగు డిస్కులనూ కంప్యూటర్ డీవీడీ డ్రైవులో పెట్టి నకలు తీశాను. కన్సోల్‌ను మొదలుపెట్టే బయోస్ అనే ప్రోగ్రామును మా కన్సోల్ నుంచే తీసుకుని, పీసీఎస్‌ఎక్స్2 అనే ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్‌లో నడిపించాను. ఆట ఎక్కడ ఆపామో దాచే మెమరీ కార్డులో ఉన్నవీ పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. తమ్ముడు ఇంటరు పరీక్షల ముందు ఆపేసిన ఆట ఆనాటి తేదీతో సహా తెర మీదికి వచ్చింది. ఫొటో పంపితే దుబాయి నుంచి వాడు వెంటనే ఫోను చేశాడు. ఇందులో ఎవరి సొమ్మూ పోలేదు. ప్రోగ్రామును న్యాయంగా సంపాదించినవారు పాడైపోతుందన్న జాగ్రత్తతో నకలు తీసుకోవచ్చని మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది.

స్విచ్ గేముల సంగతి అలా కాదు. వాటికి నకలు తీయకుండా డిజిటల్ తాళం ఉంటుంది. హక్కులకు గండి కొట్టే ఉద్దేశంతో దాన్ని తీస్తే అదే చట్టం 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. 2023 మేలో టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ అనే స్విచ్ గేము విడుదలకు ముందే బయటికి పొక్కింది. పది లక్షలకు పైగా డౌన్‌లోడ్లు జరిగాయని యూజూ అనే స్విచ్ ఎమ్యులేటర్ మీద వేసిన దావాలో నింటెండో చెప్పింది. 2024 మార్చిలో యూజూ వాళ్లు 24 లక్షల డాలర్లకు రాజీపడి మూసేశారు. ఆ గేము పొక్కిన రోజుల్లోనే ఒక స్నేహితుడు దాన్ని పెన్‌డ్రైవులో తెచ్చిచ్చాడు. రెండు సాయంత్రాలు ఆడాను. ఏళ్ల తరబడి కష్టపడి చేసినవాళ్లు ఇంకా అమ్మకానికి కూడా పెట్టని వస్తువు అది! మూడో రోజు తీసేశాను.

నింటెండో మన దేశంలో స్విచ్‌ను నేరుగా అమ్మదు, బయటి నుంచి తెప్పించేవాళ్లు చెప్పే ధర మామూలు ఇళ్లకు భారమే. ఆ బాధ నాకు తెలుసు. అయినా డబ్బిస్తే దొరికే గేమును ఊరికే తీసుకోవడానికి అది కారణం కాదంటాను. అమ్మేవాడే లేని పాత గేముల మాట వేరు. 2023 మార్చిలో వీ యూ, 3డీఎస్ అనే తన పాత కన్సోళ్ల ఆన్‌లైన్ దుకాణాలను నింటెండోనే మూసేసింది. అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకని గేములను ఎవరైనా నకలు తీసి దాచుకుంటే, చట్టం ఏమన్నా, వారిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

మీరడిగిన గేము ఇంకా అమ్మకంలోనే ఉంది కాబట్టి కొనే దారి చూడండి. మేం నలుగురం తలా కొంత వేసుకుని, పినాకిని రైల్లో చెన్నై వెళ్లి పాత స్విచ్ ఒకటి కొనుక్కొచ్చాం. వారానికొకరి ఇంట్లో ఉంటుంది. ఈ వారం మా ఇంట్లో ఉంది.