మార్వెల్ సినిమాలు చూడనివారికి ‘కెప్టెన్ అమెరికా’ అర్థమవుతుందా? – సమాధానం

మార్వెల్ సంస్థ సూపర్‌హీరో చిత్రాలు ఒక్కటీ చూడని మీ నాన్నగారికి 2011 నాటి ‘కెప్టెన్ అమెరికా: ది ఫస్ట్ అవెంజర్’ అర్థమవుతుందా అని అడిగారు. నిస్సందేహంగా అర్థమవుతుంది, కథ చాలావరకు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలోనే నడుస్తుంది కనుక ముందుగా చూసి ఉండవలసినది ఏదీ లేదు.

నేనూ సూపర్‌హీరోల అభిమానిని కాను. అయినా, సైన్యం పదేపదే తిప్పిపంపిన బక్కపలుచని కథానాయకుడు స్టీవ్ రోజర్స్, శిక్షణలో విసిరిన ఉత్తుత్తి గ్రెనేడ్‌ను నిజమైనదనుకుని, మిగతావారు చెల్లాచెదురవుతుండగా దానిపై పడి ముడుచుకుని, దూరంగా పొమ్మని అందరికీ చేయి ఊపే దృశ్యం నన్ను కట్టిపడేసింది. అతనికి రంగుల దుస్తులు తొడిగి వేదికలపై యుద్ధ బాండ్లు (యుద్ధ ఖర్చుకు ప్రభుత్వం ప్రజల నుంచి అప్పు తీసుకునే పత్రాలు) అమ్మించే ఘట్టం కూడా సరదాగా ఉంటుంది. ద్వితీయార్ధంలోని పోరాటాలు మాత్రం కొంత విసుగు కలిగిస్తాయి. మొదటి, చివరి సన్నివేశాలు నేటి కాలానివని నాన్నగారికి ముందే చెప్పండి.