గూల్డ్ మొజార్ట్ దండగ కాదు, కానీ స్కోరు పక్కన పెట్టుకుని వినండి

గ్లెన్ గూల్డ్ అనే పియానిస్టు వాయించిన మొజార్ట్ ఏ మేజర్ సొనాటా (కె. 331, కొన్ని భాగాలుండే పియానో కృతి) విన్నాను, ఇది అసలు మొజార్టేనా అనిపించింది, ఇలాంటి వింత రికార్డుల మీద టైమ్ పెట్టడం అవసరమా అని అడిగారు. అవసరమే. నేను ఆ సొనాటా మొదటి మూవ్‌మెంట్ (భాగం) నేర్చుకుంటున్న రోజుల్లోనే గూల్డ్ రికార్డు విన్నాను. నాకూ మొదట చిరాకే వేసింది. కానీ స్కోరు (కృతి నొటేషన్) తెరిచి పెట్టుకుని మళ్లీ విన్నాక, అందులో నచ్చేవీ నచ్చనివీ విడివిడిగా కనబడ్డాయి.

ఆ మూవ్‌మెంట్ ఒక థీమ్ (మూల వరస), దాని మీద ఆరు వేరియేషన్లు (దాన్నే మార్చి మార్చి వాయించే రూపాలు). థీమ్ మీద మొజార్ట్ రాసింది ఆందాంతే గ్రాత్సియోసో, అంటే సొగసుగా సాగే మోస్తరు నడక. గూల్డ్ దాన్ని ఎంత నెమ్మదిగా, ఎంత విడివిడిగా మొదలుపెడతాడంటే, తర్వాతి స్వరం వస్తుందా రాదా అని ఎదురుచూడాల్సి వస్తుంది. అక్కణ్నుంచి ఒక్కో వేరియేషన్‌కీ కాస్త కాస్త స్పీడు పెంచుకుంటూ పోతాడు. అయిదో వేరియేషన్ మీద మొజార్ట్ స్పష్టంగా అడాజియో అని రాశాడు, అంటే బాగా నెమ్మదిగా అని. అక్కడ నెమ్మదిస్తే గూల్డ్ వేసుకున్న ప్లాను మొత్తం చెడుతుంది. అందుకే ఆ మాటను పక్కన పెట్టేసి ముందుకే వెళ్తాడు. ఇది స్కోరును కాదనడమే, సందేహం లేదు.

అయినా ఆ నెమ్మది థీమ్‌లో నాకొకటి వినిపించింది. మొదటి బార్లలో (నొటేషన్‌లో నిలువు గీతల మధ్య ఉండే గడులు) ఎడమచేతిలో ఒక వరస కుడిచేతి పాటకు జంటగా, అదే లయలో నడుస్తుంది. మామూలు స్పీడులో అది పాట కింద కలిసిపోతుంది, దాన్ని మనం తోడు అనుకుని వదిలేస్తాం. గూల్డ్ దగ్గర అది రెండో గొంతులా బయటికొస్తుంది. ఆ తర్వాత నేను మామూలు స్పీడులో వాయించినా ఎడమచేతిని పట్టించుకోకుండా ఉండలేకపోయాను.

అలాగని ఆయన చేసిన ప్రతిదీ ఒప్పుకోనక్కర్లేదు. బీథోవెన్ అపాసియొనాటా మొదటి మూవ్‌మెంట్‌ని మామూలుగా పది నిమిషాల దరిదాపుల్లో వాయిస్తారు. గూల్డ్ దాన్ని చాలా దూరం సాగదీశాడు. ఆయనకా సొనాటా అంటే ఇష్టం లేదు, వింటుంటే అది తెలుస్తూనే ఉంటుంది. అందులో కొత్తగా బయటపడేదేమీ నాకు కనబడలేదు.

బాక్ సంగతి వేరు. గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌లో టెంపో (వేగం) గురించి బాక్ రాసిన మాటలు చాలా తక్కువ. గూల్డ్ 1955 రికార్డింగు 38 నిమిషాల పైచిలుకు, 1981ది 51 నిమిషాలు. ఆ తేడాలో కొంత రిపీట్ల (ఒక భాగాన్ని మళ్లీ వాయించడం) వల్ల వచ్చింది, కాబట్టి మొత్తం నిడివి చూసి స్పీడు అంచనా వేయకండి. మొదట్లో వచ్చే ఆరియా (మూల పాట) ఒక్కటే పోల్చండి: అప్పుడు రెండు నిమిషాల లోపు, తర్వాత మూడు దాటింది. కచేరీలు వింటూ పెరిగినవాళ్లకు కాలప్రమాణం మారితే కృతి ముఖమే మారిపోతుందని వేరే చెప్పాలా! బాక్ ఖాళీగా వదిలినచోట నింపడం, మొజార్ట్ రాసినచోట కొట్టేయడం ఒకటి కాదు. రెండింటినీ కలిపి 'వింత' అనేస్తే గూల్డ్‌కి అన్యాయం చేసినట్టే.

ఇంకా పెద్ద ఆశ్చర్యం స్వియతొస్లావ్ రిక్టర్ అనే పియానిస్టు. షూబర్ట్ చివరి సొనాటా, బి ఫ్లాట్ (డి. 960), మొదటి మూవ్‌మెంట్ ఆయన చేతిలో 24 నిమిషాల దాకా వెళ్తుంది. మొదటిసారి వింటే రిక్టర్ హద్దు దాటాడనిపిస్తుంది. స్కోరు చూడండి. ఈ మూవ్‌మెంట్‌లోని మొదటి భాగాన్ని రిపీట్ చేయమని షూబర్టే రాశాడు. ఆ రిపీట్‌కి వెళ్లే దారిలో తొమ్మిది బార్లు ఉన్నాయి, అవి ఇంకెక్కడా రావు. మూవ్‌మెంట్ మొదలైన కాసేపటికే అట్టడుగున గొణిగినట్టు వినిపించే ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి వాయించడం), ఆ తొమ్మిది బార్లలో ఒక్కసారి గట్టిగా గర్జిస్తుంది. రిపీట్ వదిలేసిన పియానిస్టులు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఆల్ఫ్రెడ్ బ్రెండెల్ అంతటివాడూ ఉన్నాడు. వాళ్ల దగ్గర ఆ గర్జన మనకు దక్కదు. టెంపో విషయంలో వాదించుకోవచ్చు గానీ, ఈ ఒక్క విషయంలో 'వింత' రిక్టరే షూబర్ట్ మాట విన్నాడు. 1957లో మాస్కోలో రిక్టర్ ఇదే సొనాటా వాయిస్తుంటే గూల్డ్ కూడా విన్నాడు. షూబర్ట్ అంటే పెద్దగా పడని మనిషి, ఆ రోజు హిప్నటైజ్ అయినట్టు అయిపోయానని తర్వాత చెప్పుకున్నాడు.

రాక్మనినోవ్ 1930లో రికార్డు చేసిన షోపాన్ రెండో సొనాటా మాత్రం స్కోరుకు పూర్తిగా ఎదురెళ్లేదే. అందులోని శవయాత్ర మార్చ్, మధ్యలో వచ్చే మెత్తటి పాట తర్వాత తిరిగి వచ్చేటప్పుడు తక్కువ శబ్దంతో మొదలవ్వాలని షోపాన్ రాశాడు. రాక్మనినోవ్ దాన్ని పూర్తి బలంతో మొదలుపెట్టి చివరికి వినపడనంతగా తగ్గించేస్తాడు. ఊరేగింపు మన ముందు నుంచే దాటి దూరమైపోతున్నట్టుంటుంది. షోపాన్ రాయనిదే అయినా నాకిది కావాలి. సాగదీసిన అపాసియొనాటా అక్కర్లేదు.

మీకు నా సలహా: ముందు షూబర్ట్‌తో మొదలుపెట్టండి. బ్రెండెల్ ఒకసారి, వెంటనే రిక్టర్ 1972 ప్రాగ్ రికార్డింగు ఒకసారి వినండి. స్కోరు ఐఎమ్ఎస్ఎల్‌పీ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. నొటేషన్ చదవడం రాకపోయినా ఫర్వాలేదు, రిపీట్ గుర్తు ఎక్కడుందో చూసుకుని దానికి ముందున్న ఆ తొమ్మిది బార్ల మీద చెవి పెడితే చాలు.