ఎముక క్యాన్సర్‌లో ఆటోఫాజీని ఆపాలా, పెంచాలా?

ఎముక క్యాన్సర్‌లో ఆటోఫాజీ మీద పరిశోధనలు ఎటు వెళ్తున్నాయని అడిగారు కదా, నిజం చెప్పాలంటే రెండు వైపులకీ వెళ్తున్నాయి. ఆటోఫాజీ అంటే కణం తనలోని పాడైన భాగాలను ఒక సంచిలాంటి పొరలో చుట్టి, కణంలో జీర్ణం చేసే భాగమైన లైసోజోమ్‌కి చేర్చి, కరిగించి మళ్లీ వాడుకోవడం. దీని గుట్టు విప్పినందుకే 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి నోబెల్ వచ్చింది.

చిక్కల్లా ఏమిటంటే, పిల్లల్లో, టీనేజర్లలో ఎక్కువగా కనిపించే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌లో డాక్సోరుబిసిన్, సిస్ప్లాటిన్ లాంటి కీమో మందులు పడగానే కణాలు హెచ్‌ఎంజీబీ1 అనే ప్రొటీన్‌ని పెంచుకుని, దాని సాయంతో ఆటోఫాజీని నడిపించి, చావు తప్పించుకుంటాయి. ల్యాబ్‌లో ఆ ప్రొటీన్‌ని అణిచేస్తే అవే మందులు ఇంకా బాగా పనిచేశాయి. అందుకే చాలామంది ఆటోఫాజీని అడ్డుకునే వైపు చూస్తున్నారు, మలేరియాకి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని కీమోతో కలిపి చూడటం అందులో భాగమే. మరోపక్క ఆటోఫాజీని మితిమీరి రెచ్చగొట్టి కణాన్నే చంపే మందుల మీదా పేపర్లు వస్తున్నాయి, కానీ అవి చాలావరకు కణాల మీద, ఎలుకల మీద చేసినవే.

ఆ పేపర్లు చదివేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఆ సంచి పొరకి అంటుకుని ఉండే ఎల్‌సీ3 అనే ప్రొటీన్ పెరిగింది కాబట్టి ఆటోఫాజీ పెరిగిందనేస్తే నమ్మకండి, చివర్లో లైసోజోమ్ దగ్గర దారి మూసుకుపోయినా అది పోగుపడుతుంది, అందుకే ఆటోఫాజీ చివరిదాకా సాగితే కరిగి తగ్గిపోయే పీ62 అనే ప్రొటీన్‌ని కూడా కొలిచారా లేదా చూడాలి.