వెస్ట్ అయినంత మాత్రాన షేరు మీది కాదు

ప్రశ్న: ఒక స్టార్టప్‌లో మొదటి పదిమందిలో ఒకడిగా చేరి ఏడేళ్లు పనిచేశాను. జీతం తక్కువైనా స్టాక్ ఆప్షన్లు (కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకు కొనుక్కునే అవకాశం) ఇస్తున్నారని ఓర్చుకున్నాను. షేరు 10 రూపాయలకు కొనుక్కునేలా ఇచ్చిన 6,000 ఆప్షన్లు పూర్తిగా వెస్ట్ అయ్యాయి, అంటే కొనే హక్కు వచ్చేసింది. రిలీవ్ అయి 52 రోజులైంది. ఇప్పుడు కంపెనీని అమ్మేస్తున్నారని పాత సహోద్యోగులు చెబుతున్నారు. 90 రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయాలని, అంటే ఆప్షన్లు వాడి షేర్లు కొనుక్కోవాలని ఫైనల్ సెటిల్‌మెంట్ మెయిల్‌లో ఉంది. కంపెనీ వ్యవస్థాపకుడికి ఫోన్ చేస్తే, ‘నువ్వు మనవాడివి, నీ షేర్లు ఎక్కడికీ పోవు. అమ్మకం ఖాయమయ్యాక పాత తేదీతో కాగితం రాసుకుందాం, పన్ను కూడా తగ్గుతుంది’ అన్నారు. షేరు విలువ ఇప్పుడు 400 అట, పన్నే ఏడు లక్షలు దాటుతుందట. ఆప్షన్లు ఇస్తున్నట్టు రాసిన గ్రాంట్ లెటర్ ఆఫీసు లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. రాత్రనక పగలనక చేసిన చాకిరీకి చట్టంలో విలువ లేదా? – ఒక పాఠకుడు

జవాబు: మీ చాకిరీ గురించి ఏ కోర్టూ అడగదు. అడిగేది ఒక్కటే: 90వ రోజు లోపల మీరు రాతపూర్వకంగా ఎక్సర్‌సైజ్ చేశారా, లేదా? మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట ‘52 రోజులు’. అంటే ఇంకా 38 రోజులున్నాయి.

ఆప్షన్ వెస్ట్ కావడమంటే షేరు కొనే హక్కు రావడమే. కొంటున్నానని నోటీసిచ్చి, డబ్బు కట్టి, కంపెనీ కేటాయించేదాకా మీరు వాటాదారు కారు. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన షేర్ క్యాపిటల్ నిబంధనల్లో 12వది, స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కాని కంపెనీల ఆప్షన్ల గురించి చెప్పేది. రాజీనామా రోజుకు వెస్ట్ కానివి రద్దవుతాయి, వెస్ట్ అయినవి కంపెనీ ఆప్షన్ల స్కీమ్‌లో పెట్టిన గడువులోగా వాడుకోవాలి అని అందులో స్పష్టంగా ఉంది. ఆ గడువు ఒప్పందంలోది. కోర్టుకు ఆలస్యంగా వెళ్లినప్పుడు లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద మన్నించమని అడుగుతామే, ఆ అర్జీ దీనికి పనికిరాదు. 91వ రోజున హక్కు లేదు, అంతే.

‘నువ్వు మనవాడివి’ అన్న మాటతో గడువు పెరగదు. స్కీమ్‌లో బోర్డుకు పొడిగించే అధికారం ఉంటే బోర్డు తీర్మానం కావాలి. లేకపోతే వాటాదారుల తీర్మానంతో స్కీమ్‌నే మార్చాలి. కంపెనీ చేతులు మారాక ఆ వ్యవస్థాపకుడే అక్కడ ఉంటారో లేదో. కొన్నవారు ఫోన్‌లో ఎవరో అన్న మాటను లెక్కలోకి తీసుకోరు.

పాత తేదీ కాగితం జోలికి వెళ్లకండి. కంపెనీ కొనేవారి లాయర్లు ప్రతి షేరు పుట్టుక తవ్వుతారు: ఆప్షన్ల రిజిస్టరు, బోర్డు మినిట్స్, మీ బ్యాంకు నుంచి డబ్బు కదిలిన రోజు. తేదీలు కలవకపోతే ముందు తీసేసేది మీ పేరే. అక్కడితో ఆగదు. పన్ను తగ్గించుకోవడానికి తప్పుడు పత్రం సృష్టించడం పన్ను చట్టం కింద నేరం. కంపెనీల చట్టం సెక్షన్ 447 కింద పెద్ద మొత్తపు మోసమని తేలితే 6 నెలల నుంచి 10 ఏళ్ల దాకా జైలు. సంతకం వ్యవస్థాపకుడిదే కాదు, మీదీ ఉంటుంది. బావమరిది పేరున కొనిపించే ఆలోచన కూడా వద్దు, ఆప్షన్లు బదిలీ కావు.

ఇక పన్ను. విలువ 400, మీరు కట్టేది 10. తేడా 390ని 6,000తో హెచ్చిస్తే 23,40,000 రూపాయలు. చేతికి పైసా రాకపోయినా ఇది జీతంలో భాగమే, ఉద్యోగం మానేశాక కూడా. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో 31.2 శాతం, అంటే సుమారు 7.3 లక్షలు. కంపెనీ టీడీఎస్‌గా వసూలు చేస్తుంది కాబట్టి షేర్ల ధర 60,000తో పాటు ఆ డబ్బూ మీరే ముందు సర్దాలి. అర్హత ఉన్న స్టార్టప్‌ల ఉద్యోగులకు పన్ను వాయిదా ఉంది గానీ ఉద్యోగం వదిలితే అది ముగుస్తుంది, మీకు అక్కరకు రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి పాత సెక్షన్ల నంబర్లు పట్టుకుని ఉత్తరాలు రాయకండి.

‘ముందే కొనేస్తే పన్ను కలిసొస్తుంది’ అని మీ మిత్రులు చెబుతుండవచ్చు. లిస్ట్ కాని షేరుపై 12.5 శాతం దీర్ఘకాలిక లాభాల పన్ను రేటు రావాలంటే కేటాయించిన రోజు నుంచి 24 నెలలు దాటాలి. అమ్మకం కొన్ని నెలల్లో జరిగితే 400కు పైన వచ్చే లాభంపైనా శ్లాబు పన్నే. కాబట్టి ఇప్పుడు ఎక్సర్‌సైజ్ చేయడానికి ఒకే కారణం హక్కు పోకుండా కాపాడుకోవడం. అమ్మకం కుదరక షేరు 150కి పడిపోతే? కట్టిన పన్ను తిరిగి రాదు. ఆ నష్టం మూలధన నష్టం, జీతం మీద సర్దుబాటు కాదు. పుకారును నమ్మి ఏడు లక్షలు అప్పు చేయడం నాకు సమ్మతం కాదు.

అమ్మకం అన్న మాటలోనూ తేడాలున్నాయి. షేర్లు అమ్మితే డబ్బు వాటాదారులకు వస్తుంది. వ్యాపారాన్ని మాత్రమే అమ్మితే డబ్బు కంపెనీ ఖాతాలో పడుతుంది, మీకు నేరుగా ఏమీ రాదు. పెట్టుబడిదారులకు అమ్మకం డబ్బులో తమ వాటా ముందుగా తీసుకునే హక్కు ఉంటే, బయట వినిపించే ధరను షేర్ల సంఖ్యతో భాగించి మీ వాటా లెక్కేసుకోవడం తప్పు.

ఏడేళ్ల కష్టానికి ఉన్న ఒక్క కాగితాన్ని ఆఫీసు లాప్‌టాప్‌లో వదిలి రావడం ఎంత నిర్లక్ష్యం! పాత సహోద్యోగి చేత దొంగచాటుగా తెప్పించుకోకండి, గోప్యత ఉల్లంఘన కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. రేపే మీ సొంత మెయిల్ నుంచి కంపెనీకి రాయండి. గ్రాంట్ లెటర్, స్కీమ్ నకలు, షేరుకు మర్చంట్ బ్యాంకర్ కట్టిన విలువ తాజా నివేదిక అడగండి. ఎస్‌హెచ్-6 ఫారంలో ఆప్షన్ల రిజిస్టరు ఉంచాల్సిన బాధ్యత కంపెనీదే, కాబట్టి మీ పేరిట ఎన్ని ఉన్నాయో ధ్రువీకరించమనండి. అమ్మకం పూర్తయ్యేదాకా గడువు పొడిగిస్తూ బోర్డు తీర్మానం ఇవ్వమని అదే మెయిల్‌లో కోరండి. మీకు అసలు పరిష్కారం ఇదే. అది దొరికితే అమ్మకం రోజున ఎక్సర్‌సైజ్ చేసి, వచ్చిన డబ్బులోంచే పన్ను కట్టవచ్చు. ‘ఇక కంపెనీ నుంచి రావలసింది ఏమీ లేదు’ అనే సెటిల్‌మెంట్ పత్రం సంతకానికి వస్తే, ‘స్టాక్ ఆప్షన్లు మినహా’ అని రాయించాకే సంతకం పెట్టండి.

80వ రోజుకు రాతపూర్వక పొడిగింపు రాకపోతే, నష్టపోయినా తట్టుకోగల మేరకే ఎక్సర్‌సైజ్ చేయండి. స్కీమ్ అనుమతిస్తే కొన్నిటికే చేయవచ్చు. 2,000కు చేస్తే ధర 20,000, పన్ను సుమారు 2.43 లక్షలు. నోటీసు మెయిల్‌లోనూ, రిజిస్టర్డ్ ఆఫీసుకు రసీదు వచ్చేలా పోస్టులోనూ పంపి, డబ్బు మీ ఖాతా నుంచే కట్టండి. వాళ్లు నిరాకరిస్తే ఆ రోజు నుంచి దావాకు మూడేళ్లు. సంప్రదింపులు నడుస్తున్నాయన్న కారణంతో ఆ గడువు ఆగదని 2023లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. స్కీమ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నిబంధన ఉంటే ఆ నోటీసు కూడా మూడేళ్లలోపే వెళ్లాలి. మెయిళ్లను సాక్ష్యంగా పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందుకే ఒక్కటీ చెరిపేయకండి. షేర్లు కేటాయిస్తే కంపెనీ రిజిస్ట్రార్‌కు కేటాయింపు వివరాల పాస్-3 ఫారం దాఖలు చేస్తుంది. అందులో మీ పేరు, సంఖ్య సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.