ఆరు వేలలో ఇంట్లో ప్రొజెక్టర్: ముందు లెన్స్ తేల్చుకో, తర్వాతే మిగతా సామాన్లు

తమ్ముడూ, పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 15.6 అంగుళాల స్క్రీన్ ఉంది, చేతిలో ఆరు వేలున్నాయి, 100 వాట్ల ఎల్ఈడీ కొంటే గోడ మీద బొమ్మ పడుతుందా అని అడిగావు. పడుతుంది. కానీ ఆ స్క్రీన్‌తో మొదలుపెడితే ఆరు వేలు ఏ మూలకీ చాలవు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా మేడ మీద సొంతంగా చేసుకున్న పెట్టెతోనే క్రికెట్ చూస్తున్నాను కాబట్టి, డబ్బు ఎక్కడ పెట్టాలో ఎక్కడ బిగబట్టాలో నాకు తెలిసింది చెప్తాను.

ముందు టేపు పట్టుకుని గది కొలుచుకో. గోడ ఎంత దూరం, బొమ్మ ఎంత వెడల్పు? ఈ రెండూ తేలితే లెన్స్ తేలిపోతుంది, దాంతో పెట్టె కూడా. 7 అంగుళాల ప్యానెల్ (అంటే వెనక లైటు తీసేసిన ఎల్‌సీడీ స్క్రీన్, ఎల్ఈడీ వెలుగు దీనిలోంచి పోయి లెన్స్ ద్వారా గోడ మీద పడుతుంది) వెడల్పు సుమారు 154 మిల్లీమీటర్లు. 12 రెట్లు పెంచితే గోడ మీద ఆరడుగుల బొమ్మ. లెన్స్ ఫోకల్ లెంగ్త్ (దూరం నుంచి వచ్చే వెలుగుని లెన్స్ ఒకచోట చేర్చే దూరం) 200 మి.మీ. అనుకో: గోడ దూరం 200ను 13తో (పన్నెండుకి ఒకటి కలిపి) హెచ్చవేస్తే 2.6 మీటర్లు, ప్యానెల్‌కీ లెన్స్‌కీ మధ్య 217 మి.మీ. పన్నెండడుగుల గదిలో హాయిగా సరిపోతుంది. అదే గదికి, అదే బొమ్మకి నీ 15.6 అంగుళాల స్క్రీన్ పెట్టి లెక్క వెయ్యి. దాని వెడల్పు 345 మి.మీ., అంటే 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న పెద్ద లెన్స్ కావాలి, ఫ్రెనెల్ షీట్లు (ప్యానెల్‌కి ముందొకటి, వెనకొకటి పెట్టే, గీతలున్న పలుచటి ప్లాస్టిక్ లెన్సులు) అడుగుంపావు పైగా ఉండాలి, పెట్టె రెండున్నర అడుగులు దాటుతుంది. లెన్స్ సైజు పెరిగేకొద్దీ ధర ఎలా పెరుగుతుందో ఆన్‌లైన్‌లో ఒకసారి చూడు, నీకే తెలుస్తుంది.

అందుకని ఆ స్క్రీన్ పగలకుండా ఉంటే ద్వారకానగర్‌లో ల్యాప్‌టాప్ సర్వీసు షాపుల్లో అడుగు, ఎంతకో కొంతకి తీసుకుంటారు. ఆ డబ్బు కలిపి, హెచ్‌డీఎంఐ బోర్డుతో కలిపి అమ్మే 7 అంగుళాల ప్యానెల్ కొను. బడ్జెట్‌లో సగం దానికే పోతుంది, తప్పదు. ప్యానెల్, బోర్డు విడివిడిగా కొనాలనుకుంటే మాత్రం వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు చూడకుండా డబ్బులివ్వకు. పాత ల్యాప్‌టాప్ ప్యానెళ్లకి ఎల్‌వీడీఎస్ అనే రకం కనెక్షన్, కొత్తవాటికి ఈడీపీ అనే రకం. ఒకదాని బోర్డు ఇంకోదానికి పనికిరాదు.

ఇంకో దారి ఉంది. నాకైతే అదే ఇష్టం. కాలేజీ స్టోర్ రూముల్లో మూలపడేసిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు (పారదర్శక షీట్ల మీది పాఠాన్ని గోడ మీదకి వేసే పాత యంత్రాలు) ఉంటాయి, ఎక్కడైనా పాత సామాన్లలో కనిపిస్తే వదలకు. ఫ్రెనెల్, లెన్స్, అద్దం అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా అందులోనే ఉంటాయి. సుమారు 285 మి.మీ. చదరపు గాజు కాబట్టి 11.6 అంగుళాల ప్యానెల్ దాని మీద పడుతుంది, 15.6 పట్టదు. ఒకటి చూసుకో: బల్బు కింద పెట్టెలో ఉండాలి. కొన్ని మడతపెట్టే రకాల్లో బల్బు పైన తలలో ఉంటుంది, వెలుగు కిందకి వచ్చి అద్దం మీద తగిలి మళ్లీ ప్యానెల్‌లోంచే పైకి పోతుంది. ఎల్‌సీడీకి అది పనికిరాదు. లోపలి హాలోజన్ బల్బు తీసేసి ఎల్ఈడీ పెట్టు, లేకపోతే ఆ వేడికి ప్యానెల్ పోతుంది.

ఎల్ఈడీ గురించి అందరికీ ఒకటే భ్రమ, వాట్లు పెరిగితే వెలుగు పెరుగుతుందని. ఎల్‌సీడీ ప్యానెల్ తనలోంచి పోనిచ్చేది పడిన వెలుగులో 5 నుంచి 8 శాతమే. మిగతాదంతా దాదాపుగా అక్కడే వేడిగా మారుతుంది. 100 వాట్ల చిప్ మీద 9000 ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసి ఉన్నా, లెక్క కట్టి చూస్తే గోడకి చేరేది రెండొందల దరిదాపుల్లోనే. వాట్ల కంటే ఆ వెలుగు లెన్స్‌లోకి పట్టడం ముఖ్యం. దీనికి పరీక్ష చాలా తేలిక. ప్యానెల్ తీసి పక్కన పెట్టి, ఫ్రెనెల్స్ మాత్రం ఉంచి, లెన్స్ ఉండాల్సిన చోట తెల్ల కాగితం పట్టుకో. ఎల్ఈడీ చదరం చిన్నగా, మెరుస్తూ కాగితం మీద పడాలి. ఆ చదరం లెన్స్ వ్యాసం దాటి పక్కకి పోయిందంటే అంత కరెంటూ దండగే. వెనక ఫ్రెనెల్ వెలుగుని సమాంతరంగా చేసి ప్యానెల్ మీదకి పంపాలి, ముందుది దాన్ని లెన్స్ దగ్గరకి కుదించాలి. రెండింటి గీతల వైపూ ప్యానెల్‌కేసి ఉండాలి. ప్యానెల్‌కి అంటకుండా సెంటీమీటరో రెండో ఎడం పెట్టు, లేకపోతే గీతలు గోడ మీద వలయాల్లా కనబడతాయి. పుస్తకాలు చదివే పలుచటి మాగ్నిఫైయర్ షీట్లతో మొదలెట్టొచ్చు, నేను అలాగే మొదలెట్టాను. లెన్స్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఒంటి భూతద్దం పెడితే నడుమ బాగానే ఉంటుంది, స్కోర్ బోర్డు ఉండే మూలకి వచ్చేసరికి అంకెలు అలుక్కుపోయి, చుట్టూ రంగు అంచులు వస్తాయి. మూడు గాజులు కలిసిన ట్రిప్లెట్ కొను.

కరెంటు సంగతి: ఆ చిప్‌కి 32 వోల్టులు అటూ ఇటూ, గరిష్ఠంగా 3 ఆంపియర్లు. ఇంట్లో మూలపడ్డ 19 వోల్టుల, 90 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్‌కి, కరెంటు పరిమితి పెట్టుకునే బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజీ పెంచే చిన్న బోర్డు) తగిలించి 2 ఆంపియర్ల దగ్గర ఆపెయ్. వెలుగు తగ్గినట్టు కంటికి పెద్దగా తెలీదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. చిప్ వెనక పాత డెస్క్‌టాప్ ప్రాసెసర్ కూలర్, ఫ్యానుతో సహా. ప్యానెల్‌కీ వెనక ఫ్రెనెల్‌కీ మధ్య గాలి ఆడేలా ఇంకో ఫ్యాను. మే నెలలో మన ఉక్కపోతలో గది గాలే వేడి, ఈ రెండో ఫ్యాను దగ్గర బేరం వద్దు. తెర నడుమ నల్లగా మారుతోందంటే ప్యానెల్ కాగిపోతోందని, వెంటనే ఆపు.

ప్యానెల్ విప్పడం చెప్తాను. టేబుల్ మీద మెత్తటి గుడ్డ పరిచి, అంచు రేకు జాగ్రత్తగా లేపు. వెనక నుంచి తెల్ల షీటు, మందపాటి అక్రిలిక్ పలక, మసకగా ఉండే షీట్లు రెండు మూడు వస్తాయి, అన్నీ తీసెయ్. మిగిలేది ముదురు రంగు పలుచటి గాజు. దానికి రెండు వైపులా అతికిన పోలరైజర్ పొరలు పీకకు, అవి లేకపోతే బొమ్మే లేదు. గాజు అంచు నుంచి బోర్డుకి వెళ్లే రిబ్బన్ వెనక్కి మడిచి ఉంటుంది. ఆ బోర్డు పక్కకి తెరుచుకోకపోతే వెలుగుకి అడ్డం వస్తుంది, కొనేముందే ఫోటోల్లో చూసుకో. రిబ్బన్‌లో ఒక తీగ తెగిందా, తెర మీద నిలువు గీత ఇక శాశ్వతం.

సముద్రం దగ్గర ఉన్నవాళ్లకి ఒక మాట. ఉప్పుగాలికి, తేమకి లెన్స్ మీద బూజు పడుతుంది, ముందువైపు పూత ఉన్న అద్దాలు మచ్చలు తేలుతాయి. వీలైతే అద్దం లేకుండా నేరుగా గోడకి కొట్టు. బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి ప్యానెల్‌నే ముందువైపు ఎల్ఈడీకేసి ఉండేలా, తలకిందులుగా తిరగేసి బిగిస్తే సరి. లెన్స్‌ని వాడనప్పుడు సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో మూతపెట్టు. మేడ మీద దుప్పటి కట్టి చూద్దామనుకోకు, సాయంత్రం గాలికి అది నిలవదు. తెల్ల సున్నం కొట్టిన గోడే మేలు.

ఆరు వేలకి రెడీమేడ్ ప్రొజెక్టరే వస్తుంది కదా అంటావు. వస్తుంది. ఆ ధరలో దొరికేవాటిలో కొన్నిటి అసలు రిజల్యూషన్ 800×480, డబ్బా మీద మాత్రం 1080 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. 7 అంగుళాల ప్యానెళ్లు 1024×600లో కూడా దొరుకుతాయి, ఏది పాడైనా నువ్వే మార్చుకుంటావు. రేపే సినిమా చూడాలంటే మాత్రం అదే కొనుక్కో. కాదూ చేసే చూద్దామంటే నీ గది పొడవు ఎంతో రాసి పెట్టు, లెన్స్ సైజు లెక్క వేసి చెప్తాను.